చెల్లికి పేనుకొరుకుడు, నాకు మచ్చపడే జుట్టురాలుడు: తన మందు నాకెందుకు పనికిరాదు?

లెక్కల టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మేమిద్దరం అక్కచెల్లెళ్లం. ఇద్దరికీ జుట్టు రాలే జబ్బే వచ్చింది. ఇద్దరికీ డాక్టర్లు చెప్పిన కారణం కూడా ఒకటే. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే జుట్టు కుదుళ్ల మీద పడుతోందట. కానీ చెల్లికి జుట్టు మళ్లీ వచ్చింది, నాకు పోయింది పోయినట్టేనంటున్నారు. ఎందుకో అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు.

ముందు చెల్లి సంగతి చెబుతాను. తనకు 34 ఏళ్లు. మూడేళ్ల కింద చెవి వెనకాల బొటనవేలి గోరంత మేర జుట్టు ఊడి, చర్మం నున్నగా తేలింది. పేనుకొరుకుడేగా, దానంతటదే తగ్గిపోతుందిలే అనుకున్నాం. నాలుగు నెలలు తిరిగేసరికి తలంతా పోయింది. ఆ తర్వాత కనుబొమ్మలు, చివరికి కంటి రెప్పల వెంట్రుకలు కూడా. డాక్టర్లు పేనుకొరుకుడునే ఎలోపీషియా ఏరియాటా అన్నారు. ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు అన్నీ అయ్యాక బారిసిటినిబ్ మాత్ర రోజుకు 4 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. ఐదో నెలలో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి ఏడుస్తోంది. నా గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే, కిటికీ వెలుగులో అద్దం పట్టుకుంటే నుదుటి పైన తెల్లటి నూగు కనిపించిందట! ఏడాది నిండేసరికి తలంతా జుట్టు కమ్ముకుంది. ఆ మధ్య ఇక చాల్లే అని సొంతంగా మాత్ర ఆపేసింది. మూడు నెలల్లో మెడ పైన మళ్లీ రెండు చోట్ల ఊడింది. మళ్లీ వేసుకుంటోంది.

ఇక నా సంగతి. నాకు 41. బడిలో లెక్కలు చెబుతాను. బోర్డు మీద రాయాలంటే పిల్లలకు వీపు తిప్పాలి కదా. నడినెత్తిన పాపిట వెడల్పవుతోందని నాకు తెలియకముందే నా వెనకాల కూర్చున్న నలభై మందికి తెలిసిపోయింది. దురద ఉండేది. సాయంత్రాలు నెత్తి మీద మంట. కొన్నాళ్లకు దువ్వెన తగిలినా నొప్పి. వెంట్రుక మొదట్లో తెల్లటి పొట్టు అంటుకుని ఉండేది. చుండ్రు అనుకుని రెండేళ్లు షాంపూలు మార్చుకుంటూ పోయాను. ఆ రెండేళ్లు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

చివరికి ఒక చర్మవ్యాధుల డాక్టర్ గారు నెత్తి మీద లెన్స్ పెట్టి చూసి, లైకెన్ ప్లానోపైలారిస్ (కుదుళ్లు పోయి ఆ చోట మచ్చ మిగిలే జుట్టురాలుడులో ఒక రకం) లాగా ఉందని, బయాప్సీ చేయించమన్నారు. వేరేచోట చేయించాను. సరిగ్గా నడినెత్తిన నున్నగా మెరిసే చోట ముక్క తీశారు. రిపోర్టులో 'మచ్చ కణజాలం, ఫలానా జబ్బని చెప్పలేం' అని ఒకే ఒక్క వాక్యం. డాక్టర్ గారు మాత్రం తన అనుమానం అదేనని, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు, నెత్తిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెడదామని అంటున్నారు. చెల్లి వేసుకునే మాత్ర నాకూ రాయమని అడిగాను. మీ రకానికి దానికి చాలినంత ఆధారం లేదన్నారు.

ఇద్దరిదీ ఒకే దాడి అయినప్పుడు మందు వేరెందుకవుతుంది? మా రకం మీద అసలు పరిశోధన జరుగుతోందా? మళ్లీ బయాప్సీ అంటే భయంగా ఉంది. చేయించుకోమంటారా?

స్లైడ్ల మనిషి

టీచర్ గారూ, నేను డాక్టర్ని కాను. పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్ని, పంతొమ్మిదేళ్లుగా బయాప్సీ ముక్కలు కోసి, రంగులు వేసి స్లైడ్లు తయారుచేయడమే నా పని. రోగ నిర్ధారణ పాథాలజిస్టులు చేస్తారు. కానీ స్లైడు వాళ్ల దగ్గరికి వెళ్లే ముందు సరిగ్గా వచ్చిందో లేదో నేను చూస్తాను కాబట్టి, మీ చెల్లెలిగారి రకం, మీ రకం రెండూ కొన్ని వందలసార్లు నా కళ్లతో చూశాను. చూసింది చెబుతాను.

జుట్టు కుదురును పైనుంచి కిందికి నిలువునా ఊహించుకోండి. అట్టడుగున ఉల్లిగడ్డలా ఉబ్బి ఉండేది బల్బు. వెంట్రుక తయారయ్యేది అక్కడ. కాస్త పైన, చలికి వెంట్రుకలు నిక్కబొడుచుకునేలా చేసే చిన్న కండరం వచ్చి అతుక్కునే చోట ఇంకో ఉబ్బు ఉంటుంది. దాన్ని బల్జ్ అంటారు. మూలకణాల నివాసం అదే. ఒక వెంట్రుక ఆయుష్షు తీరి రాలిపోయాక, మళ్లీ కొత్త బల్బును కట్టేది అక్కడి కణాలే.

మీ చెల్లెలిగారి జబ్బులో తెల్లకణాలు చేరేది కింద, బల్బు చుట్టూ. పాథాలజీలో దాన్ని తేనెటీగల గుంపు అంటారు. మొదటిసారి స్లైడ్ మీద చూసినప్పుడు ఆ పేరు ఎంత సరిపోయిందో అనిపించింది. నీలం చుక్కలు బల్బును ముసురుకుని ఉంటాయి. వెంట్రుక తయారీ ఆగిపోతుంది, ఉన్నది రాలిపోతుంది. కానీ పైనున్న బల్జ్ జోలికి అవి పోవు. కుదురు చిన్నదై నిద్రపోతుందే తప్ప చావదు. ముసురుకున్న గుంపును మందు చెదరగొడితే ఏళ్ల తర్వాతైనా మళ్లీ మొలుస్తుంది. ఆవిడకు ఐదో నెలలో కనిపించిన నూగు అదే.

లైకెన్ ప్లానోపైలారిస్‌లో దాడి పైభాగం మీద, సరిగ్గా బల్జ్ ఉన్న మేర. కింది బల్బు చాలాసార్లు బాగానే ఉంటుంది. ముందుగా కుదురు పక్కనుండే నూనె గ్రంథులు మాయమవుతాయి. నాకు తొలి అనుమానం అక్కడే వస్తుంది. ఆ తర్వాత కుదురు చుట్టూ పొర మీద పొరగా నారలాంటి కణజాలం అల్లుకుంటుంది. కొన్నాళ్లకు కుదురు ఉండాల్సిన చోట నిలువుగా ఒక నారగీత మిగులుతుంది, అంతే. మూలకణాలు పోయాక ఇంకేం మొలుస్తుంది చెప్పండి? ఒక్కోసారి కుదురంతా కరిగిపోయినా వెంట్రుక ముక్క ఒంటరిగా కండలో మిగిలిపోతుంది. దాన్ని బయటి వస్తువనుకుని పెద్దపెద్ద కణాలు చుట్టుముడతాయి. అలాంటి స్లైడ్ చూసిన ప్రతిసారీ ఈ మనిషి ఏడాది ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఇప్పుడు మీ బయాప్సీ సంగతి. నున్నగా మెరిసే చోట తీశారన్నారు. అక్కడ జబ్బు తన పని ముగించుకుని వెళ్లిపోయింది. ఇల్లు కాలిపోయాక బూడిద చూపించి, నిప్పు ఏ మూల అంటుకుందో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? రిపోర్టు రాసినవారు ఉన్నదే రాశారు. ముక్క తీయాల్సింది అంచున. ఇంకా వెంట్రుకలు నిలబడి, మొదట్లో పొట్టు, చుట్టూ ఎర్రదనం ఉన్న చోట. లెన్స్‌తో చూస్తూ చోటు గుర్తుపెట్టి తీస్తే ఇంకా మంచిది.

ఇంకో మాట. ఒకటికి రెండు ముక్కలు తీయమని అడగండి, 4 మిల్లీమీటర్ల పంచ్‌తో, అంటే గుండ్రంగా కోసే పరికరంతో. ఒకటి మేం నిలువుగా కోస్తాం, ఒకటి అడ్డంగా. నిలువు కోతలో ఏ లోతున దాడి జరుగుతోందో తెలుస్తుంది గానీ కనిపించేవి రెండు మూడు కుదుళ్లే. అడ్డకోతలో ఆ ముక్కలో ఉన్న కుదుళ్లన్నీ ఒక్కసారే గుండ్రంగా కనిపిస్తాయి. ఎన్ని బతికున్నాయి, ఎన్ని పోయాయి, ఎన్నింటి చుట్టూ నార అల్లుకుంది, అన్నీ లెక్కపెట్టవచ్చు. పంపే కాగితం మీద 'స్కాల్ప్, మచ్చపడే జుట్టురాలుడు అనుమానం, అడ్డకోత కావాలి' అని డాక్టర్ గారు రాయాలి. రాయకపోతే మామూలు చర్మం ముక్కలాగే నిలువుగా కోసేస్తారు. ఒకసారి మైనం దిమ్మలో పెట్టి కోశాక మళ్లీ తిప్పడానికి ఉండదు. లూపస్ (రోగనిరోధక వ్యవస్థే ఒంటి మీద పడే ఇంకో జబ్బు) అనుమానం కూడా ఉంటే ఇంకో చిన్న ముక్క వేరే ద్రావణంలో పంపాలి. మామూలు ముక్కలు వేసే ఫార్మలిన్‌లో వేస్తే ఆ పరీక్షకు పనికిరాదు.

నొప్పి గురించి భయపడకండి. మత్తు ఇంజెక్షన్ గుచ్చినప్పటి మంటే ఎక్కువ. తర్వాత ఒకటో రెండో కుట్లు.

లెక్కల టీచర్

స్లైడ్ల మనిషి గారూ, రెండేళ్లలో ఎవరూ ఇలా చెప్పలేదు. చదువుతూ కాగితం మీద కుదురు బొమ్మ గీసుకున్నాను. కింద చెల్లి, పైన నేను.

కానీ సందేహం ఇంకా తీరలేదు. చోటు వేరైనా దాడి చేసేది తెల్లకణాలే కదా. అక్కడి గుంపును చెదరగొట్టే మందు ఇక్కడి గుంపును చెదరగొట్టదా? పోయినవి రాకపోతే పోనీ. ఉన్నవాటిని కాపాడుకోవడానికైనా పనికిరాదా?

పదహారు నుంచి

అక్కా, నాకు పదహారో ఏట నుంచి ఏరియాటా. ఇప్పుడు 29. జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, నా అంశం వేరే, కానీ ఈ జబ్బు మీద వచ్చే పేపర్లు వదలకుండా చదువుతాను. మీరు అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు కావాలంటే మా రకానికి మందు ఎలా దొరికిందో ముందు చెప్పాలి.

2010లో కొలంబియా యూనివర్సిటీలో ఏంజెలా క్రిస్టియానో బృందం ఏరియాటా ఉన్నవాళ్ల జన్యువులను జల్లెడ పట్టింది. ఆవిడకే ఈ జబ్బు ఉంది. ఆ జల్లెడలో కొత్తగా పట్టుబడినవాటిలో, ప్రమాదంలో ఉన్నానని తెల్లకణాలకు కబురు పంపే జన్యువులు ఉన్నాయి. కుదురే ఆ కబురు పంపితే, దాన్ని అందుకునే ఒక రకం తెల్లకణాలు (సీడీ8 టీ కణాలు) వచ్చి మీద పడతాయి. 2014లో అదే యూనివర్సిటీ పరిశోధకులు తర్వాతి మెట్టు చూపించారు. ఆ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే కబురు పదార్థం విడుదల చేస్తాయి, కుదురు దానికి బదులుగా ఇంటర్‌ల్యూకిన్ 15 అనే ఇంకో కబురు విడుదల చేస్తుంది, అది మళ్లీ ఆ కణాలనే రెచ్చగొడుతుంది. ఈ రెండు కబుర్లూ కణం లోపలికి చేరేది జాక్ అనే ఎంజైముల మీదుగానే. ఆ దారి మూసేస్తే ఎలుకల్లో జుట్టు తిరిగొచ్చింది. ఆ దారి మూసే రుక్సోలిటినిబ్ మందు ఇచ్చిన ముగ్గురు మనుషులకూ ఐదు నెలల్లో దాదాపు పూర్తిగా వచ్చింది. అదే ఏడాది యేల్ యూనివర్సిటీలో బ్రెట్ కింగ్, బ్రిటనీ క్రెయిగ్లో అనే డాక్టర్లు, ఒంటి మీద ఎక్కడా వెంట్రుక లేని 25 ఏళ్ల కుర్రాడికి అదే తరహా మందు టోఫాసిటినిబ్ ఇచ్చారు. అతనికి సోరియాసిస్ కూడా ఉంది. ఎనిమిది నెలల్లో తల నిండా జుట్టు. ఆ ఫోటోలు చూసిన రోజు నాకింకా గుర్తే. రాత్రంతా వాటినే చూస్తూ కూర్చున్నాను.

అక్కడి నుంచి ఎనిమిదేళ్లకు, 2022 జూన్‌లో, మందులకు అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ తీవ్రమైన ఏరియాటాకు మీ చెల్లెలు వేసుకునే బారిసిటినిబ్‌ను ఆమోదించింది. అదీ జాక్ దారి మూసే మందే. 2023లో పన్నెండేళ్లు దాటిన పిల్లలకు కూడా ఇవ్వగలిగే రిట్లెసిటినిబ్, 2024లో డ్యూరుక్సోలిటినిబ్ వచ్చాయి. బారిసిటినిబ్ మీద జరిగిన రెండు పెద్ద ట్రయల్స్‌లో కలిపి 1,200 మంది ఉన్నారు. అందరికీ తల మీద కనీసం సగం జుట్టు పోయింది. 36 వారాలకు తలలో 80 శాతమైనా జుట్టు కప్పుకున్నవాళ్లు 4 మిల్లీగ్రాముల వారిలో ఒక ట్రయల్‌లో 38.8 శాతం, రెండోదానిలో 35.9 శాతం. పోల్చడానికి ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 6.2, 3.3. మీరు లెక్కల టీచర్ కదా, దీన్ని తిరగేసి కూడా చూడండి. అప్పటికి ఆ మెట్టు అందుకోనివాళ్లు పదిమందిలో ఆరుగురు. నేను ఆ ఆరుగురిలో ఉన్నాను. మీ చెల్లెలికి వచ్చిందని చదివి చాలా సంతోషం వేసింది, నిజంగా.

మాకు మందు తొందరగా తేలడానికి ఇంకో కారణం, మా జబ్బును లెక్కపెట్టడం తేలిక. శాల్ట్ అని ఒక స్కోరు ఉంది. తలను నాలుగు భాగాలు చేసి, ఒక్కోదానిలో ఎంత శాతం పోయిందో చూసి కూడతారు. సున్నా అంటే జుట్టంతా ఉన్నట్టు, వంద అంటే ఏమీ లేనట్టు. మందు పనిచేస్తే వందలో ఉన్నది ఇరవైకి దిగుతుంది. అది ఎవరైనా చూడగలరు, ఫోటో తీయగలరు.

మీ జబ్బులో దేన్ని లెక్కపెడతారు? మందు అద్భుతంగా పనిచేసినా పోయిన కుదురు రాదు. అంటే గెలుపుకు గుర్తు నిన్న ఉన్నట్టే ఈరోజూ ఉండటం. ఆ జబ్బు చాలామందికి నెమ్మదిగా పాకుతుంది, మధ్యలో దానంతటదే కొన్నాళ్లు ఊరుకుంటుంది. ఆరు నెలల ట్రయల్‌లో ఏమీ రాలలేదంటే అది మందు గొప్పా, జబ్బు ఊరుకుందా? తేల్చడానికి ఎక్కువ మంది కావాలి, ఎక్కువ కాలం కావాలి. ఈ జబ్బు ఉన్నవాళ్లేమో మాకంటే చాలా తక్కువ. దాని కోసమే దురద, మంట, నొప్పి, ఎర్రదనం, పొట్టు, లాగితే ఊడే వెంట్రుకలు, జబ్బు పాకుతోందా లేదా, ఇవన్నీ కలిపి ఒక సూచీ తయారుచేశారు. మీకు రాస్తానన్న హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద 2010లో వచ్చిన అధ్యయనం ఆ సూచీతోనే చేశారు. అందులో ఉన్నది 40 మంది. పాత కేసు ఫైళ్లు చూసి చేసింది, పోల్చడానికి ఉత్తుత్తి మాత్ర వేసుకున్న గుంపు లేదు. చాలామందికి సూచీ దిగింది. మీ జబ్బులో మంచి ఆధారం అనేది ఇలా ఉంటుంది. 1,200 ఎక్కడ, 40 ఎక్కడ? మీ డాక్టర్ గారు చాలినంత ఆధారం లేదన్నది అబద్ధం కాదు.

అయితే మీ అనుమానం కూడా ఒట్టిది కాదు. 2013లో లైకెన్ ప్లానోపైలారిస్ కుదుళ్లను పరీక్షించి, బల్జ్‌కు ఉండే రక్షణ కవచం కూలిపోయిందని, అక్కడ కూడా ఇంటర్‌ఫెరాన్ గామా పిలుపుతో తెల్లకణాలు చేరుతున్నాయని చూపించారు. మా జబ్బులో వినిపించే కబురే మీ జబ్బులోనూ ఉందన్నమాట. కాబట్టి జాక్ మందులు మీకూ పనిచేయాలని ఆశించడంలో అర్థం ఉంది. టోఫాసిటినిబ్ వేసుకున్న పదిమంది లైకెన్ ప్లానోపైలారిస్ రోగుల వివరాలు 2018లో వచ్చాయి, వాళ్లలో ఎనిమిది మందికి మేలు కనిపించింది. బ్రెపోసిటినిబ్ అనే ఇంకో మందు మీద, మచ్చపడే రకాలకే ప్రత్యేకంగా, న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్‌లో చిన్న ట్రయల్ పెట్టారు. పేరు గుర్తుపెట్టుకోండి.

ఇంకో దారి కూడా ఉంది. పీపార్ గామా అనే ప్రోటీన్ కణాల్లో కొవ్వు వ్యవహారాలు చూస్తుంది. 2009లో, ఎలుకల బల్జ్ మూలకణాల్లో దాన్ని తీసేస్తే మచ్చపడే జుట్టురాలుడులాంటిదే వచ్చిందని తేలింది. స్లైడ్ల మనిషి గారు నూనె గ్రంథులు ముందు మాయమవుతాయన్నారు చూశారా, ఆ మాట ఇక్కడ అతుకుతుంది. దాంతో ఆ ప్రోటీన్‌ను ఉత్తేజపరిచే చక్కెర జబ్బు మందు పియోగ్లిటజోన్‌ను ప్రయత్నించారు. కొందరికి పనిచేసింది, కొందరికి చేయలేదు. నడినెత్తిన మొదలై చుట్టూ పాకే సీసీసీఏ అనే ఇంకో మచ్చపడే రకం ఉంది, ఎక్కువగా ఆఫ్రికా మూలాలున్న ఆడవాళ్లలో వస్తుంది. ఆ రోగుల్లో కొందరికి పీఏడీఐ3 అనే జన్యువులో లోపాలున్నాయని 2019లో బయటపడింది. అంతకుముందు వరకు ఆ ఆడవాళ్లను మీరు జుట్టు లాగి కట్టడం వల్లే, రసాయనాలు పూయడం వల్లే వచ్చిందని అనేవారు. జబ్బుతో పాటు నిందా మోశారు వాళ్లు. పరిశోధన అంటే మందు ఒక్కటే కాదని నేను గట్టిగా నమ్మేది ఇందుకే.

చివరగా ఒక విన్నపం. మీ చెల్లెలి మాత్రల్లోంచి తీసుకుని మాత్రం వేసుకోకండి. జాక్ మందుల పెట్టె మీద తీవ్రమైన హెచ్చరిక ఉంటుంది: ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం, గుండెపోటు, క్యాన్సర్. ఆ హెచ్చరికకు మూలమైన అధ్యయనం యాభై దాటి, గుండె జబ్బు ముప్పున్న కీళ్లవాత రోగుల మీద, టోఫాసిటినిబ్‌తో జరిగింది. మీ వయసుకు ముప్పు అంత ఉండకపోవచ్చు. కానీ క్షయ పరీక్ష, రక్తకణాలు, కాలేయం, కొలెస్ట్రాల్ చూడకుండా ఎవరూ మొదలుపెట్టకూడదు. డాక్టర్ గారినే అడగండి, 'ముందు హైడ్రాక్సీక్లోరోక్విన్ చూసి, ఇన్ని నెలలకు జబ్బు ఆగకపోతే జాక్ మందు ఆలోచిస్తారా?' అని. అలా అడిగితే మాట ముందుకు కదులుతుంది.

వెనక్కి జరిగిన నుదురు

అమ్మా టీచర్, నాకు 62 ఏళ్లు. నాది మీ జబ్బుకు చెల్లెలి వరస, ఫ్రాంటల్ ఫైబ్రోసింగ్ ఎలోపీషియా. 1994లో ఆస్ట్రేలియాలో కొసార్డ్ అనే డాక్టర్ ముట్లుడిగిన ఆరుగురు ఆడవాళ్లలో చూసి మొదటిసారి దీని గురించి రాశారట. నాకు ముందు కనుబొమ్మలు పోయాయి. వయసు కదా అనుకున్నాను. తర్వాత నుదుటి అంచు వెనక్కి జరగడం మొదలైంది. పాత అంచు ఉన్న చోట ఒకటి రెండు వెంట్రుకలు ఒంటరిగా మిగిలాయి. ఇంతకుముందు జుట్టు ఎక్కడిదాకా ఉండేదో వాటిని చూస్తేనే తెలిసేది.

ఆ అబ్బాయి చెప్పినట్టు మన జబ్బులో లెక్కపెట్టడమే కష్టం. అందుకే నా పద్ధతి చెబుతాను. రెండు కనుబొమ్మల మధ్య నుంచి జుట్టు మొదలయ్యే చోటు దాకా దర్జీ టేపుతో కొలుస్తాను. మూడు నెలలకొకసారి, అదే కుర్చీలో కూర్చుని, అదే కిటికీ ముందు. మొదటి కొలత 8.5 సెంటీమీటర్లు. ఏడాదికి 9.6. డ్యూటాస్టెరైడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్, పూతమందు మొదలుపెట్టాక మరుసటి ఏడాది 9.8. ఆ తర్వాత ఈ నాలుగేళ్లుగా 9.8 దగ్గరే ఉంది. ఆ అంకె మారనప్పుడల్లా నాకు కలిగే సంతోషం, జుట్టు తిరిగొచ్చిన మీ చెల్లికి కలిగినదానికి తీసిపోదు.

మందు పనిచేయడానికి నాలుగైదు నెలలు పడుతుంది. రెండో నెలకే వదిలేయకండి. హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు ముందు కంటి పరీక్ష చేయించుకోండి. మోతాదు మీ బరువును బట్టి, కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదని మా కంటి డాక్టర్ చెప్పారు. మొదట్లో ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏటా రెటీనా చూపించుకోవాలి.

ఎవరైనా జుట్టు నాటించుకోమంటే తొందరపడకండి. జబ్బు ఇంకా రగులుతుంటే నాటిన కుదుళ్లను కూడా తినేస్తుంది. మా రకంలో అయితే జబ్బు చల్లారాక నాటినా కొన్నేళ్లకు పలచబడుతుందని మా డాక్టర్ ముందే చెప్పారు. నేను నాటించుకోలేదు.

లెక్కల టీచర్

మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

రెండో బయాప్సీ అయింది. స్లైడ్ల మనిషి గారు చెప్పిన మాటలు కాగితం మీద రాసుకెళ్లి డాక్టర్ గారి ముందు పెట్టాను. ఏమనుకుంటారోనని భయపడ్డాను గానీ ఆయన చదివి, 'ఇది సరిగ్గా ఉంది' అని, లెన్స్‌తో చూస్తూ అంచున పెన్నుతో రెండు చుక్కలు పెట్టారు. రెండు ముక్కలు, ఒకటి అడ్డకోత. నిన్న రిపోర్టు వచ్చింది. లైకెన్ ప్లానోపైలారిస్, దాడి ఇంకా నడుస్తోంది. అడ్డకోతలో కుదుళ్ల లెక్క కూడా రాశారు. పద్దెనిమిదింటిలో పదకొండు బతికున్నాయి. నాలుగింటి చుట్టూ నార మొదలైంది. ఆ పదకొండు అనే అంకె చూసి ఎందుకో ఏడుపొచ్చింది. నేను ఒక్కటీ మిగల్లేదనుకుంటున్నాను ఇన్నాళ్లూ.

కంటి పరీక్ష బాగానే ఉంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ మొన్ననే మొదలుపెట్టాను, మొదటి విడత ఇంజెక్షన్లు కూడా అయ్యాయి. 'పదహారు నుంచి' తమ్ముడు చెప్పినట్టే అడిగాను. ఆరు నెలలు చూద్దాం, సూచీ దిగకపోతే జాక్ మందు గురించి కూర్చుని మాట్లాడదాం అన్నారు డాక్టర్ గారు. తేదీ డైరీలో రాసుకున్నాను. తమ్ముడూ, నీకు ఇప్పుడు ఏ మందు ఇస్తున్నారో రాయి. రిట్లెసిటినిబ్ ప్రయత్నించారా?

నిన్న సాయంత్రం చెల్లి వచ్చింది. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పాపిట పక్కన స్కేలు ఆనించి పట్టుకుని నడినెత్తి ఫోటో తీసింది. మెరిసే జాగా అడ్డంగా 4.2 సెంటీమీటర్లు, నిలువుగా 5.1. ఫోటో వెనకాల గోడ మీది క్యాలెండర్ కూడా పడేలా తీసింది, తేదీ మర్చిపోకుండా. మళ్లీ మూడు నెలలకు వస్తానని స్కేలు తన బ్యాగులోనే పెట్టుకెళ్లింది.